కొండ మీద నాగపట్నం

స్కాట్లండ్‌లోని ఎవంటన్ అనే చిన్న ఊరికి పేరు తెచ్చిన కట్టడం ఒక భారతీయ కోట ద్వారానికి నమూనా. దాని వెనుక బక్సర్ ఫిరంగులున్నాయి, గుంటూరు నుంచి కదిలి తిరిగిరాని దండు ఉంది, మనుషుల్ని వెళ్లగొట్టిన గొర్రెల మందలున్నాయి.

ఉత్తర స్కాట్లండ్‌లో ఇన్వర్నెస్ నగరం దాటి సుమారు పాతిక కిలోమీటర్లు వెళ్తే క్రోమార్టీ ఫర్త్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఎవంటన్ వస్తుంది. జనాభా వెయ్యి పైచిలుకు. ఒక పెద్ద వీధి, దానికి అడ్డంగా గీత గీసినట్టుండే చిన్న వీధులు, ఊరికి రెండు పక్కలా రెండు ఏళ్లు. ఉత్తరాన ఫైరిష్ కొండ. ఎత్తు 453 మీటర్లు. పైన్ చెట్ల మధ్యనుంచి కాలిబాటన ఎక్కితే శిఖరం మీద ఉన్నట్టుండి రాతి కట్టడం కనిపిస్తుంది. మధ్యలో కమానులు, రెండు పక్కలా బురుజుల్లాంటి స్తంభాలు. వెనక కోట లేదు, గది లేదు, గుడి లేదు. లోపలికి వెళ్లడానికి ఏమీ లేని ద్వారం అది.

ఆ ద్వారం చిరునామా మాత్రం అక్కడికి ఎనిమిది వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, తమిళనాడు తీరంలో ఉంది. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ వేలమందిని బలిగొన్న నాగపట్నం అది. 1781 నవంబర్‌లో ఈస్టిండియా కంపెనీ సేనలు డచ్చివారి చేతుల్లోంచి ఆ రేవు పట్టణాన్ని లాక్కున్నాయి. సేనాని సర్ హెక్టర్ మన్రో. సొంతూరు ఎవంటన్ పక్కనే ఉన్న నోవార్ ఎస్టేట్. ఇంటికి తిరిగొచ్చాక 1782-83 ప్రాంతంలో తన విజయానికి గుర్తుగా నాగపట్నం కోట ద్వారం నమూనాను కొండ మీద కట్టించాడని అక్కడివారు చెబుతారు. తిండిలేని పేదలకు పని కల్పించడానికే కట్టించాడన్నది ఆ కథలో రెండో సగం. ఈ రెండో సగమే ఊరి వారసత్వంగా స్థిరపడింది. పర్యాటకుల పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో వినిపించేదీ అదే.

భారతీయ పాఠకుడికి మొదటి సగం మీద ఆసక్తి ఉండటం సహజం. రెండో సగాన్ని కూడా కాస్త నిదానంగా చదివితే, ఆ కొండ చుట్టుపక్కల బతికిన స్కాటిష్ రైతుల గోడు వినిపిస్తుంది.

మంచు ముద్దే శిస్తు

ఎవంటన్ ఉన్న కిల్టర్న్ పరగణా తరతరాలుగా మన్రో వంశీకుల ఇలాకా. వంశ పెద్ద నివాసం ఫౌల్స్ కోట ఊరికి దగ్గర్లోనే ఉంది. రాజు ఎప్పుడు అడిగినా, నడివేసవిలోనైనా సరే, బెన్ వైవిస్ పర్వతం నుంచి ఒక మంచు ముద్ద తెచ్చి ఇవ్వాలన్నదే ఆ భూములకు వాళ్లు చెల్లించాల్సిన శిస్తని ప్రతీతి. వంశంలో పెద్ద కొడుక్కి భూమి, మిగతావారికి కత్తి అన్నట్టు సాగింది జీవితం. మన్రోలు యూరప్ యుద్ధాలన్నిటా కనిపిస్తారు. 18వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి వాళ్ల చూపు తూర్పు దేశాల మీద పడింది.

ఊరు మాత్రం అంత పాతది కాదు. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో ఇంచ్‌కూల్టర్ భూస్వామి అలెగ్జాండర్ ఫ్రేజర్ ప్లాను గీయించి వేయించిన ఊరది. కొడుకు ఇవాన్ పేరు పెట్టాడు. లోయల్లోని వ్యవసాయ భూములు పెద్ద కమతాలుగా మారుతున్న ఆ రోజుల్లో స్కాట్లండ్ ఉత్తరాన ఇలాంటి 'ప్లాను ఊళ్లు' చాలా పుట్టాయి. భూమి పోయినవాడికి ఇంటిజాగా, చేతిపని, కూలి దొరికే చోట్లవి. కాబట్టి ఎవంటన్ వీధులు అంత తిన్నగా ఎందుకున్నాయో తెలుసుకోవాలంటే, చుట్టూ ఉన్న లోయలు అంత ఖాళీగా ఎందుకున్నాయో కూడా తెలుసుకోవాలి. ఆ రెండు ప్రశ్నలూ చివరికి నోవార్ దొర గుమ్మం దగ్గరికే తీసుకెళ్తాయి.

బక్సర్ నుంచి పార్లమెంటుకు

తెలుగువారికి మన్రో అంటే థామస్ మన్రో. దత్త మండలాల కలెక్టరుగా రైత్వారీ పద్ధతికి పాదులు వేసి, మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయిన దొర. ఆయన గ్లాస్గోలో పుట్టినవాడు. ఫైరిష్ కట్టడానికి కారకుడైన హెక్టర్ మన్రో వేరు. 1726లో పుట్టిన ఈయన సైనికుడు. 1760ల తొలి ఏళ్లలో హైలాండ్ పటాలంతో భారత్ చేరాడు.

1764లో బీహార్‌లో కంపెనీ సేనకు నాయకత్వం వహించేనాటికి సిపాయిల్లో అసంతృప్తి రగులుతోంది. జీతాలు, బహుమానాల పంపకంలో తెల్లవారికీ తమకూ మధ్య తేడా చూపారన్నది వాళ్ల ఫిర్యాదు. ఒక పటాలం తిరగబడింది. మన్రో 24 మందిని ఎంపిక చేయించి, సైనిక విచారణ జరిపించి, ఫిరంగి గొట్టాలకు కట్టి పేల్పించాడు. మొదటి నలుగురిని కడుతుండగా మరో నలుగురు గ్రెనేడియర్లు ముందుకొచ్చి, యుద్ధంలో కుడివైపు నిలబడే గౌరవం ఎప్పుడూ తమదే కాబట్టి చావులోనూ కుడివైపు ఫిరంగులు తమకే ఇవ్వాలని అడిగారట. చూస్తున్న సైనికుల కళ్ల నీళ్లు ఆగలేదట. ఎవరో గిట్టనివారు పుట్టించిన కథ కాదిది. 1772లో పార్లమెంటు విచారణ సంఘం ముందు మన్రో స్వయంగా ఇచ్చిన వాంగ్మూలం.

ఆ శిక్షలు అమలైన కొద్ది వారాలకే, 1764 అక్టోబర్‌లో, బక్సర్ యుద్ధం జరిగింది. మన్రో దగ్గర సుమారు ఏడు వేలమంది. వారిలో తెల్లవారు వెయ్యికి తక్కువే. ఎదుట మొగల్ చక్రవర్తి షా ఆలం, అవధ్ నవాబు షుజా ఉద్దౌలా, బెంగాల్ మాజీ నవాబు మీర్ ఖాసింల ఉమ్మడి సేన. గెలుపు కంపెనీదైంది. 1765 ఆగస్టులో బెంగాల్, బీహార్, ఒరిస్సాల దివానీ కంపెనీ చేతికొచ్చింది. ఉత్తర సర్కారులను కంపెనీకి రాసిస్తూ షా ఆలం ఫర్మానా ఇచ్చిందీ ఆ సందర్భంలోనే. నిజాంతో బేరాలు ముగిసి వాస్తవంగా చేతికి చిక్కడానికి మరికొన్నేళ్లు పట్టినా, శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా తెలుగు తీరం తలరాతలోనూ బక్సర్‌కు వాటా ఉంది.

ఇంగ్లండ్‌కు తిరిగెళ్లిన మన్రో 1768లో ఇన్వర్నెస్ బరోల నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు. సామాన్యుడికి ఓటు లేని కాలమది. నాలుగు పట్టణాల పాలకమండళ్ల ప్రతినిధులు కూడి సభ్యుణ్ని తేల్చేవారు. భారత్‌లో సంపాదించిన డబ్బుకు అక్కడ బాగా చెల్లుబాటు ఉండేది. మన్రో 1802 దాకా, అంటే 34 ఏళ్లపాటు ఆ సీటును వదల్లేదు. మద్రాసులో సైన్యాధిపతిగా ఉన్నప్పుడూ లండన్‌లో ఆయన సభ్యత్వం చెక్కుచెదరలేదు.

రెండోసారి భారత్ రావడానికి కారణం కూడా డబ్బే అంటారు. 1772లో స్కాట్లండ్‌లో ఎయిర్ బ్యాంకు కుప్పకూలినప్పుడు దెబ్బతిన్న పెద్దమనుషుల్లో మన్రో ఒకడు. 1778లో మద్రాసు సేనాధిపతిగా దిగి, అదే ఏడాది ఫ్రెంచివారి నుంచి పుదుచ్చేరిని పట్టుకున్నాడు. మరుసటి ఏడు సర్ బిరుదు వచ్చింది. కానీ ఆ పేరు ఎక్కువ కాలం నిలవలేదు.

దారిలో ఆగిన గుంటూరు దండు

గుంటూరు సర్కారు అప్పట్లో నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. 1779లో కంపెనీ దాన్ని కౌలుకు తీసుకొని అక్కడికి సేనను పంపింది. నిజాంకు, మైసూరు హైదర్ అలీకి ఆగ్రహం తెప్పించిన కారణాల్లో ఇదొకటి. 1780 జులైలో హైదర్ కర్ణాటక మీద విరుచుకుపడ్డాడు. గుంటూరు సేన వెంటనే దక్షిణానికి కదిలి మన్రోను కలుసుకోవాలని మద్రాసు నుంచి ఆజ్ఞ వెళ్లింది. ఆ సేనకు నాయకుడు కల్నల్ విలియం బెయిలీ. అతనిదీ ఇన్వర్నెస్ ప్రాంతమే.

బెయిలీ ఆగస్టు చివరివారంలో కొర్తలైయార్ నది ఒడ్డుకు చేరాడు. దాటడానికి వీలుగానే ఉన్నా ఆ రాత్రికి ఉత్తరపు గట్టునే దిగాడు. తెల్లారేసరికి వరద. రోజులు గడిచిపోయాయి. ఎట్టకేలకు దాటి కాంచీపురం వైపు కదిలితే టిప్పు అడ్డం పడ్డాడు. అప్పటికి మన్రో కాంచీపురంలో సుమారు అయిదు వేలమందితో ఉన్నాడు. ఇద్దరి మధ్య దూరం పాతిక కిలోమీటర్లు కూడా లేదు. మన్రో తాను కదలకుండా ఒక వెయ్యిమందిని సాయంగా పంపాడు. 1780 సెప్టెంబర్ 10న పుల్లలూరు దగ్గర హైదర్, టిప్పు సేనలు బెయిలీని చుట్టుముట్టాయి. మైసూరు బాణాలు కురుస్తుండగా మందుగుండు బండ్లు పేలిపోయాయి. దాదాపు 3,700 మందిలో అత్యధికులు చనిపోయారు, లేదా బందీలయ్యారు. బెయిలీ 1782లో శ్రీరంగపట్నం చెరలోనే కన్నుమూశాడు. ఆనాటి దృశ్యం శ్రీరంగపట్నంలోని దరియా దౌలత్ బాగ్ గోడమీద ఇవాళ్టికీ రంగుల్లో ఉంది.

మన్రో ఏం చేశాడు? బరువైన ఫిరంగులను కాంచీపురం గుడి కోనేటిలో పడేయించి మద్రాసు దారి పట్టాడు. కొన్ని నెలల కిందటే మద్రాసులో దిగిన పంతొమ్మిదేళ్ల క్యాడెట్ ఒకడు ఆ సేనలో ఉన్నాడు. పేరు థామస్ మన్రో. రాయలసీమ మన్రో కొలువు మొదలైంది ఈ మన్రో కిందే.

హతమైనవారిలో అత్యధికులు మనదేశపు సిపాయిలు. వారితోపాటు లార్డ్ మెక్లాయిడ్ పటాలానికి చెందిన కొన్ని కంపెనీల హైలాండర్లూ ఉన్నారు. రెండేళ్ల ముందు హైలాండ్స్‌లో, ముఖ్యంగా రాస్ ప్రాంతంలో చేర్చుకున్న కుర్రాళ్లు వాళ్లు. ఎవంటన్ ఉన్నది ఆ రాస్ ప్రాంతంలోనే. అంటే ఫైరిష్ కొండ నీడన పెరిగిన పల్లెల పిల్లలు, గుంటూరు నుంచి నడిచొచ్చిన సిపాయిలు ఒకే పొలంలో కూలారు. వాళ్లను ఆదుకోవాల్సిన సేనాని కాంచీపురంలో ఆగిపోయాడు.

తరువాత బెంగాల్ నుంచి సర్ ఐర్ కూట్ వచ్చి పగ్గాలు తీసుకున్నాడు. అతనితో మన్రోకు పొసగలేదు. 1780 డిసెంబర్‌లో బ్రిటన్, డచ్చివారి మధ్య యుద్ధం మొదలవడంతో కోరమండల్ తీరంలో డచ్చివారి ప్రధాన స్థావరమైన నాగపట్నం మీద మద్రాసు గవర్నర్ లార్డ్ మెకార్ట్నీ కన్ను పడింది. ముట్టడి బాధ్యత మన్రోకు అప్పగించాడు. 1781 అక్టోబర్‌లో మొదలైన ముట్టడి నవంబర్‌లో ముగిసింది. పుల్లలూరు మచ్చ తరువాత దక్కిన ఒకే ఒక్క పెద్ద గెలుపు అది. అంతకంటే చాలా పెద్దదైన బక్సర్‌ను వదిలి, కొండ మీద ఓ తమిళ రేవు ద్వారాన్ని ఎందుకు నిలబెట్టాడన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉందనుకోవడానికి ఆస్కారముంది.

రాళ్లు దొర్లించిన దొర

జనంలో ఉన్న కథ ఇది. కూలీలు రాళ్లను కొండ మీదికి మోసుకుపోయేవారు. పని త్వరగా అయిపోతే కూలి ఆగిపోతుందని దొరే కొన్ని రాళ్లను మళ్లీ కిందికి దొర్లించేవాడు. దాంతో మోసిన రాళ్లనే మళ్లీ మోసేవారు, మళ్లీ కూలి అందేది.

ఈ కథ భారతీయులకు కొత్తగా అనిపించదు. లక్నోలోని బడా ఇమాంబాడాను నవాబు ఆసఫ్ ఉద్దౌలా 1784 కరువులో మొదలుపెట్టాడు. మామూలు జనం పగలు కట్టింది రాత్రిపూట పడగొట్టించి, ఎక్కువమందికి ఎక్కువ రోజులు పని దొరికేలా చూశాడని అక్కడా చెబుతారు. విశేషమేమిటంటే ఆసఫ్ ఉద్దౌలా మరెవరో కాదు, బక్సర్‌లో మన్రో చేతిలో ఓడిన షుజా ఉద్దౌలా కొడుకే. గెలిచినవాడి కొండ మీదా, ఓడినవాడి కొడుకు రాజధానిలోనూ దాదాపు ఒకే సమయంలో కరువు పనులు నడిచాయి. రెండింటికీ ఒకే తరహా కథ అంటుకుంది. నిజం ఎంతన్నది రెండుచోట్లా తేల్చడం కష్టం.

కరువు మాత్రం కథ కాదు. 1782లో పంటలు చేతికి రాక స్కాట్లండ్ ఉత్తరాన జనం ఆకలితో అల్లాడారు. నౌకాదళం దగ్గర మిగిలిన బఠాణీల పిండిని 1783లో పంచారు. ఆ సంవత్సరానికి 'బఠాణీల ఏడు' అన్న పేరు అలా వచ్చింది. అలాంటి సమయంలో ఒక భూస్వామి కూలి ఇచ్చాడంటే, ఎంత తక్కువ ఇచ్చినా, కొన్ని పొయ్యిలు వెలిగి ఉంటాయి. దాన్ని కొట్టిపారేయనక్కర్లేదు.

చిక్కల్లా కథలోని కాలక్రమంతో వచ్చింది. భూముల నుంచి వెళ్లగొట్టిన రైతులకు పని కల్పించడానికి ఈ కట్టడం లేచిందని చాలాచోట్ల రాస్తారు. కానీ నోవార్ భూముల్లో గొర్రెలు పెట్టి రైతుల్ని కదిలించిన ప్రసిద్ధ ఘట్టాలు కట్టడం లేచిన సుమారు పదేళ్ల తరువాతివి. రెంటినీ కలిపేస్తే వెళ్లగొట్టినవాడే అన్నం పెట్టినట్టు కనిపిస్తాడు. వెళ్లగొట్టిన సంగతి వెనక్కి పోతుంది.

గొర్రెల సంవత్సరం

18వ శతాబ్దం చివర్లో ఉన్నికి ధర పెరిగింది. దక్షిణాది నుంచి వచ్చిన గొర్రెల పెంపకందార్లు, చిన్న కౌలుదార్లంతా కలిసి ఇచ్చేదానికంటే ఎన్నో రెట్లు కౌలు ఇస్తామన్నారు. భూస్వాములు ఒక్కొక్కరే లోయల్ని వాళ్లకు అప్పగించారు. రెక్కల కష్టంతో బార్లీ, ఓట్లు పండించి, ఎండాకాలం కొండ మీద నల్ల పశువుల్ని మేపుకునే కుటుంబాలకు ఆ మేత బీళ్లే ప్రాణం. హెక్టర్ మన్రో తన కిల్డర్‌మోరీ భూముల్ని కామెరాన్ సోదరులకు గొర్రెల కోసం కౌలుకిచ్చాడు.

పక్కన స్ట్రాత్‌రస్‌డేల్ లోయ రైతుల పశువులు అలవాటు ప్రకారం ఆ బీళ్లలోకి వెళ్లాయి. కామెరాన్లు వాటిని బందెలదొడ్డిలో పెట్టించారు. రైతులు గుంపుగా వెళ్లి పశువుల్ని విడిపించుకొచ్చారు. అంతటితో ఆగలేదు. 1792 జులై చివర్లో ఆ లోయలో ఒక పెళ్లి జరిగింది. పెళ్లికొచ్చిన జనం ఒక నిర్ణయానికొచ్చారు: రాస్, సదర్లండ్ ప్రాంతాల్లోని గొర్రెలన్నిటినీ తోలుకుపోయి జిల్లా పొలిమేర దాటించాలి. ఆదివారం చర్చిల దగ్గర ఈ మాట చాటించారు. ఆగస్టు మొదటి రోజుల్లో వందలాది మంది కదిలారు. వేల గొర్రెలు దక్షిణానికి దారితీశాయి. దోచుకున్నదీ లేదు, కోసుకు తిన్నదీ లేదు. గేలిక్ భాషలో ఆ ఏడాదిని ఇవాళ్టికీ 'గొర్రెల సంవత్సరం' అంటారు.

ఫ్రాన్స్‌లో విప్లవం జోరుమీదున్న రోజులవి. లండన్‌లో హోంమంత్రి హెన్రీ డండాస్. ఆ మరుసటి ఏడాది భారత వ్యవహారాల కంట్రోల్ బోర్డుకు అధ్యక్షుడైందీ ఆయనే. స్కాట్లండ్ లార్డ్ అడ్వకేట్ ఆయన అన్న కొడుకు రాబర్ట్ డండాస్. గొర్రెలు తోలిన రైతుల్లో వాళ్లకు విప్లవకారులు కనిపించారు. బ్లాక్ వాచ్ పటాలం కంపెనీలు మూడింటిని రప్పించారు. సైనికులు అర్ధరాత్రి ఫైరిష్ కొండకు ఆవలి పక్కన ఉన్న బోత్ గ్రామానికి చేరేసరికి గొర్రెలు మాత్రమే ఉన్నాయి. మనుషులు చెదిరిపోయారు. కొందరు పట్టుబడ్డారు. సెప్టెంబర్‌లో ఇన్వర్నెస్ కోర్టు ఇద్దరికి ఏడేళ్ల ద్వీపాంతరం వేసింది. మిగతావారికి జైలు, జరిమానా, బహిష్కారం. ద్వీపాంతరం పడ్డ ఇద్దరూ జైలు నుంచి తప్పించుకున్నారు. మళ్లీ పట్టుబడలేదు. జనం సాయం లేకుండా అది సాధ్యమయ్యే పని కాదు.

ఇక్కడ ఒక్కసారి ఆగి లెక్క చూడాలి. వివాదం పుట్టిన భూమికి యజమాని హెక్టర్ మన్రో. అణచడానికి వచ్చిన బ్లాక్ వాచ్ పటాలానికి 1787 నుంచీ కల్నల్ హెక్టర్ మన్రో. ఆ ప్రాంతపు పట్టణాలకు పార్లమెంటు సభ్యుడు హెక్టర్ మన్రో. ఫిర్యాదు చెప్పుకోవడానికి రైతుకు మరో గుమ్మమే లేదు.

ఆ ఏడాది చివర్లో మన్రో ఇంటికే విషాదం వచ్చింది. 1792 డిసెంబర్‌లో బెంగాల్‌లోని సాగర్ ద్వీపంలో వేటకు వెళ్లిన ఆయన కొడుకును పులి చంపేసింది. తెల్ల సైనికుడి మీద పడి గర్జించే టిప్పు సుల్తాన్ చెక్క పులిబొమ్మకు ఈ సంఘటనే ప్రేరణ అన్నది చాలాకాలంగా ఉన్న మాట. దానికి కచ్చితమైన రుజువు లేదు. 1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక లండన్ చేరిన ఆ బొమ్మ ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

మన్రో 1805లో చనిపోయాడు. గొర్రెల వ్యాపారం ఆగలేదు. 1820లో అదే నోవార్ ఎస్టేట్ ఉత్తరాన కల్రైన్ గ్రామస్థుల్ని ఖాళీ చేయించబోతే ఆడవాళ్లు ముందుండి రాళ్లతో ఎదిరించారు. సైనికులు కాల్పులు జరిపారు. చివరికి ఊరు ఖాళీ అయింది. అప్పటి నోవార్ వారసుడు హెచ్.ఎ.జె. మన్రో చిత్రకారుడు టర్నర్‌కు మిత్రుడు, పోషకుడు. ఆయన 1839లో కొన్న టర్నర్ రోమ్ చిత్రం 2010లో లండన్ వేలంలో 2.97 కోట్ల పౌండ్లు పలికింది. కల్రైన్ నుంచి కదిలిన కుటుంబాలకు అంత వివరమైన చరిత్ర మిగల్లేదు.

వారసత్వంలో వాటా

ఇప్పుడు ఎవంటన్‌కు జనం వేరే కారణాలకు కూడా వస్తున్నారు. ఊరి పక్కన ఇరుకైన బ్లాక్ రాక్ లోయలో 'హ్యారీ పోటర్ అండ్ ద గోబ్లెట్ ఆఫ్ ఫైర్' సినిమాకు కొంత చిత్రీకరణ జరిగింది. 2015లో మొదలైన 'నార్త్ కోస్ట్ 500' పర్యాటక రహదారి వల్ల ఈ వైపు కార్ల రాక పెరిగింది. ఫైరిష్ ఎక్కి ఫొటో దిగడం ఆ యాత్రలో ఒక ముచ్చట. ఎక్కేవారు తక్కువేమీ కాదు. వాళ్లకు ఏ కథ చెప్పాలన్నదే ప్రశ్న.

స్కాట్లండ్‌లో ఈ చర్చ మొదలై కొన్నేళ్లయింది. సామ్రాజ్యాన్ని ఇంగ్లిషువాళ్లు కట్టారు, తాము దాని బాధితులమన్న భావన అక్కడ బలంగా ఉండేది. గొర్రెల కోసం గెంటివేతకు గురైన జ్ఞాపకం దానికి ఊతం. అయితే అదే హైలాండ్స్ కరీబియన్ బానిస తోటల్లో ఎంత లాభపడిందో డేవిడ్ ఆల్స్టన్ 2021లో వెలువరించిన 'స్లేవ్స్ అండ్ హైలాండర్స్' పుస్తకం ఊళ్ల పేర్లతో సహా చూపింది. ఎడిన్‌బరోలో హెన్రీ డండాస్ స్తంభం దగ్గర, బానిస వ్యాపారం రద్దును ఆలస్యం చేయడంలో ఆయన పాత్రను చెప్పే ఫలకాన్ని 2021లో పెట్టారు. 2023లో వ్యతిరేకులు ఊడదీశారు. 2024లో మళ్లీ పెట్టారు. రాతి మీద ఏం రాయాలన్న పోట్లాట అంత తేలిగ్గా తెగేది కాదు.

ఫైరిష్ దగ్గర ఆ పోట్లాట ఇంకా చిక్కు. డండాస్ స్తంభం పొగడ్త కోసం లేచింది. ఫైరిష్ మీద మాత్రం పేదల చెమట ఉందని ఊరికి గర్వం. తాతముత్తాతలు మోసిన రాళ్లవి. దాన్ని దోపిడీ గుర్తు అన్నంతమాత్రాన ఆ గర్వం అబద్ధమైపోదు. పడగొట్టాలని కోరడంలోనూ అర్థం లేదు. నాగపట్నంలో ఆనాటి డచ్చి కోట ఎలాగూ మిగల్లేదు. నమూనా అంటున్న ఈ ద్వారం అసలుకు ఎంత దగ్గరో పోల్చి చూద్దామన్నా వీలు లేదు. ఉన్నదాన్ని ఉంచి, దాతృత్వం కథ పక్కనే మిగిలిన పేర్లు కూడా చేర్చడం సాధ్యమైన పని: ఫిరంగికి కట్టిన 24 మంది సిపాయిలు, పుల్లలూరులో కూలిన గుంటూరు దండు, రాస్ కుర్రాళ్లు, గొర్రెలు తోలిన స్ట్రాత్‌రస్‌డేల్ రైతులు. బీహార్ సిపాయిల తిరుగుబాటుకూ, రాస్ రైతుల తిరుగుబాటుకూ మధ్య 28 ఏళ్ల ఎడం, ఒక మహాసముద్రం అడ్డం. రెండుచోట్లా ఎదుట నిలిచిన అధికారం ఒకే మనిషిది.

భూమి సంగతి పాతపడిపోయిందనుకోవడానికి లేదు. స్కాట్లండ్ గ్రామీణ ప్రాంతంలో ప్రైవేటు భూమి సగం కేవలం 432 మంది యజమానుల చేతుల్లో ఉందని 2014లో భూసంస్కరణల సమీక్షా సంఘం నివేదిక పేర్కొంది. ఆ పరిస్థితి కొద్దికొద్దిగానైనా మారాలని స్కాటిష్ పార్లమెంటు 2003లో భూసంస్కరణల చట్టం చేసింది. ఎవరి భూమిలోనైనా బాధ్యతగా నడిచి వెళ్లే హక్కు అందరికీ వచ్చింది. గ్రామీణులు కలిసి భూమి కొనుక్కునే వీలూ కలిగింది. 2012లో ఎవంటన్ వాసులు ఒక సంస్థగా ఏర్పడి ఊరి పక్కనున్న సుమారు 64 హెక్టార్ల అడవిని కొన్నారు. ఇప్పుడు అక్కడ బడిపిల్లలకు పాఠాలు, ఊరివాళ్లకు నడకదారులు, ఉమ్మడి నిర్వహణ. రెండు శతాబ్దాల కిందట పశువులు బీడులోకి వెళ్లాయని బందెలదొడ్డిలో పెట్టిన ప్రాంతంలో ఇది చిన్న మార్పు కాదు.

ఫైరిష్ కమాను కింద నిలబడి దక్షిణానికి చూస్తే ఎవంటన్ వీధులు, క్రోమార్టీ ఫర్త్ నీళ్లు, మరమ్మతుకు వచ్చి నిలిచిన చమురు రిగ్గులు కనిపిస్తాయి. ఫొటోలన్నీ అటువైపే. వెనక్కి తిరిగితే బోత్ వైపు, ఆపైన స్ట్రాత్‌రస్‌డేల్ వైపు సాగే కొండలు. 1792లో గొర్రెల్ని తోలుతూ జనం నడిచింది ఆ పక్కనే. అక్కడ ఇళ్లు చాలా తక్కువ.